మిరుగం కార్తెలో కుండీల పని



మిరుగం వచ్చేసింది. బోథ్ అంగడిలో ఎవరిని కదిలించినా ఒకటే ముచ్చట. పత్తి గింజ ఎప్పుడు పెడదాం, సోయా ఏ చేనులో వేద్దాం, ఈ తొలకరిని నమ్మొచ్చా, ఇంకో వాన దాకా ఆగుదామా అని. ఇంత పని నడుమ వరండాలో ఉన్న నాలుగు కుండీల సంగతి చెప్తానంటే నవ్వుకునే వాళ్ళుంటారు. నవ్వుకోండి, రేడియో మాత్రం కట్టేయకండి. చేనుకు ఏది అదనో కుండీకీ అదే అదను. ఇంటి మొక్కల కుండీలు మార్చడానికి ఏడాది మొత్తంలో ఇంతకు మించిన రోజులు మన దిక్కు లేవు.

కారణం మీకు తెలిసిందే. మన ఆదిలాబాద్ జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలకు అటూ ఇటూ ఆడుతుంది. చలికాలం వస్తే బోథ్, సోనాల వైపు రాత్రిపూట పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. మనం ఇళ్ళలో పెంచుకునే మనీప్లాంటు, క్రోటన్, అరేకా పామ్ లాంటివన్నీ వెచ్చటి, తేమ గల అడవుల సంతతి. వాటికి ఈ ఎండా పడదు, ఆ చలీ పడదు. ఆ రెండు కాలాల్లో బతికి బయటపడటమే వాటికి పని, కొత్త వేరు వేసే ఓపిక ఉండదు. కుండీ మార్చేటప్పుడు ఎంత జాగ్రత్తగా తీసినా సన్నటి వేర్లు కొన్ని తెగుతాయి. గాలిలో తేమ ఉంటే ఆకు నుంచి నీరు తక్కువ పోతుంది, తెగిన వేరు మళ్ళీ చిగురించే దాకా మొక్క తట్టుకుంటుంది. తొలకరి పడ్డాక పొలాల అమావాస్య దాకా గాలిలో ఆ తేమ ఉంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మన ఇళ్ళలో కుండీ మొక్కలు చనిపోవడానికి పెద్ద కారణం నీళ్ళు మరిచిపోవడమని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో పెద్ద కారణం మన మట్టి. ఇంకా సూటిగా చెప్పాలంటే, మనం ఎంతో గొప్పగా చెప్పుకునే నల్లరేగడి.

చేనులో రేగడిని మించింది లేదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కోట్ల ఏళ్ళ కింద దక్కన్ పీఠభూమి మీద పారిన లావా గట్టిపడి రాయి అయింది. ఆ రాయి అరిగి అరిగి ఈ నల్లమట్టి అయింది. ఇందులోని బంకమన్ను రేణువులు నీళ్ళు తాగితే ఉబ్బుతాయి, ఆరితే ముడుచుకుంటాయి. చేనులో మట్టి లోతుగా ఉంటుంది కాబట్టి పత్తి వేరు కిందికి పోయి తేమ వెతుక్కుంటుంది. పైన పర్రెలు ఇచ్చినా వేరుకు దారి దొరుకుతుంది. ఆరు అంగుళాల కుండీలో వేరు ఎటు పోతుంది?

ఏప్రిల్‌లో ఒక రేగడి కుండీని దగ్గరికి పోయి చూడండి. మట్టి అంతా నడిమికి ముడుచుకుని, కుండీ గోడకూ మట్టికీ నడుమ చిటికెన వేలు పట్టేంత సందు కనిపిస్తుంది. చెంబెడు నీళ్ళు పోస్తే అవి ఆ సందులోంచి జారి అర నిమిషంలో కింద పళ్ళెంలోకి వచ్చేస్తాయి. పోసిన వాళ్ళకు తృప్తి, మొక్కకు మాత్రం చుక్క అందదు. నడిమి మట్టి ముద్ద రాయిలాగే ఉంటుంది. అదే కుండీని ఆగస్టులో చూడండి. మట్టి ఉబ్బి సందులన్నీ పూడి, పైన నీళ్ళు నిలబడి ఉంటాయి. వేరుకు నీరెంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. గాలి ఆడక వేరు కుళ్ళుతుంది, కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు, ఆకు వాడుతుంది. ఆకు వాడిందని మనం ఇంకో చెంబు పోస్తాం.

అందుకని కుండీకి మట్టి వేరేగా కలుపుకోవాలి. కొనాల్సింది పెద్దగా ఏమీ లేదు. చెలక నేలల ఎర్రమట్టి రెండు పాళ్ళు, గరుకు ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు. రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఊక దొరికితే అర పాలు. వేపపిండి ఒక గుప్పెడు. కడెం వాగు మన కొండల్లోనే పుడుతుంది కాబట్టి ఇసుకకు కొదువ లేదు. అయితే వాగు ఇసుకలో మెత్తటి ఒండ్రు కలిసి ఉంటుంది. బకెట్‌లో వేసి రెండు మూడు సార్లు నీళ్ళతో కడిగి పైన తేలే బురద పారబోస్తే మిగిలేది పనికొచ్చే ఇసుక. ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన సిమెంటు కలిసిన ఇసుక మాత్రం వద్దు. సిమెంటు సున్నం మట్టి స్వభావాన్నే మార్చేస్తుంది.

రేగడిని పూర్తిగా వెలివేయమని నేను చెప్పడం లేదు. వాకిట్లో ఎండ తగిలే మందార కుండీలో ఐదు పాళ్ళకు ఒక పాలు రేగడి కలిపితే ఎండాకాలం తేమ ఎక్కువసేపు నిలుస్తుంది. అంతకు మించితే మాత్రం మళ్ళీ మొదటికి వస్తాం.

ఎరువు విషయంలో ఒక మాట. పెంటకుప్ప పైపై నుంచి తీసి వేయకండి. కుప్ప అడుగున, గుప్పిట్లో పట్టుకుంటే టీ పొడిలా పొడిపొడిగా రాలేది, వాసన లేనిది తీసుకోండి. పచ్చి పేడతో వేరుపురుగు వస్తుంది, మన దిక్కు చెదలు కూడా పడతాయి. పైగా కుండీలోనే అది కుళ్ళడం మొదలుపెడితే ఆ వేడికి లేత వేర్లు మాడతాయి. జల్లెడ పట్టి, తెల్లటి లావు పురుగులు కనిపిస్తే ఏరి కోళ్ళకు వేయండి.

మరి కుండీ మార్చే వేళ వచ్చిందని ఎట్లా తెలుస్తుంది? కుండీని ఎత్తి అడుగు చూడాలి. రంధ్రంలోంచి వేర్లు బయటికి వేలాడుతుంటే లోపల చోటు అయిపోయిందన్న మాట. నీళ్ళు పోయగానే గడగడా కిందికి దిగిపోతున్నా, పొద్దున పోస్తే సాయంత్రానికి ఆకు వాలుతున్నా, వానాకాలంలో కూడా కొత్త ఆకు చిన్నగా వస్తున్నా అదే గుర్తు. సర్పమొక్క అయితే మనకు కష్టం లేకుండా ప్లాస్టిక్ కుండీని తానే పగలగొట్టి చెప్తుంది. దాని దుంపకు అంత బలం.

ఇక్కడ చాలామంది పడే తొందర ఒకటుంది. ఎట్లాగూ మారుస్తున్నాం కదా అని చిన్న మొక్కను తెచ్చి పెయింటు బకెట్‌లో పెడతారు, మళ్ళీ మళ్ళీ మార్చే బాధ తప్పుతుందని. కుండీ పెద్దదైతే మొక్క పెరుగుతుందన్న మాట అబద్ధం కాదు. 2012లో జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 65 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కగట్టారు. కుండీలో పట్టే మట్టి రెట్టింపైతే మొక్క బరువు సగటున 43 శాతం పెరిగింది. ఆసుపత్రుల్లో వెన్ను, మెదడు స్కానింగ్ తీసే ఎమ్మారై లాంటి పరికరంతోనే కుండీలో వేర్లను ఫొటోలు తీశారు. వేర్లు నడిమి మట్టిని పెద్దగా పట్టించుకోకుండా కుండీ గోడ వైపే పరుగు తీశాయి.

అయితే మట్టి రెట్టింపు కావాలంటే కుండీ వెడల్పు ఎంత పెరగాలో ఎప్పుడైనా లెక్క వేశారా? 6 అంగుళాల కుండీకి రెట్టింపు మట్టి పట్టేది అదే ఆకారంలో ఉన్న ఏడున్నర అంగుళాల కుండీలో. అంతే. వెడల్పు, పొడవు, లోతు మూడూ కలిసి పెరుగుతాయి కదా. అంటే అంగుళమున్నర పెద్ద కుండీ తెచ్చినా మొక్కకు రెట్టింపు ఇల్లు కట్టినట్టే. 12 అంగుళాల దాంట్లో పెడితే మట్టి ఎనిమిది రెట్లు అవుతుంది. చిన్న వేర్ల గుత్తి ఆ మట్టిలోని నీటిని ఎప్పటికి తాగాలి? తాగేలోపు ఆ మట్టి పులిసిపోతుంది. చేతి బొటనవేలు పట్టేంత సందు చుట్టూ మిగిలితే చాలు, ఇంకా పెద్దది వచ్చే ఏడు చూసుకోవచ్చు.

మట్టి కుండీనా, ప్లాస్టిక్‌దా అని అడుగుతారు. కాల్చిన మట్టి గోడలోంచి తేమ బయటికి పోతుంది, గాలి లోపలికి ఆడుతుంది. నీళ్ళు ఎక్కువ పోసే చెయ్యి అయితే మట్టి కుండీ కొనండి. చేను పనులకు పోయి రెండు రోజులకోసారి చూసే ఇల్లయితే ప్లాస్టిక్‌ది నయం. ఏదైనా అడుగున రంధ్రం ఉండాలి. నూనె డబ్బా, పాత బకెట్టు వాడేవాళ్ళు మేకు కాల్చి నాలుగైదు రంధ్రాలు పెట్టుకోండి.

రంధ్రం మీద గూనపెంకు ముక్క ఒకటి బోర్లించి పెడితే మట్టి జారదు. అంతవరకు మంచిదే. కానీ అడుగున మూడు వేళ్ళ మందం కంకర పరిచి, నీళ్ళు బాగా దిగుతాయని అనుకోవడం సరికాదు. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. గిన్నెలు తోమే స్పాంజిని నీళ్ళలో ముంచి అడ్డంగా పట్టుకోండి. చుక్కలు ఆగే దాకా చూసి, దాన్ని నిలువుగా తిప్పండి. ఆగిపోయిన నీరు మళ్ళీ కారుతుంది. మెత్తటి మట్టిలో నీరు కూడా ఇంతే. మట్టి అడుగుభాగంలో కొంత నీరు కిందికి దిగకుండా పట్టుకుని ఉంటుంది. మట్టి ఎత్తు ఎంత ఎక్కువైతే పై భాగం అంత బాగా ఆరుతుంది. కంకర పోస్తే ఆ మట్టి ఎత్తు తగ్గి, తడి ఉండే భాగం వేరుకు ఇంకా దగ్గరవుతుంది. పేరున్న తోటల పుస్తకాలలోనూ ఈ కంకర సలహా కనిపిస్తూనే ఉంటుంది. నేను మాత్రం పెంకు ముక్క దగ్గరే ఆగుతాను.

ఇప్పుడు చేతులు మట్టిలో పెడదాం. ముందు రోజు సాయంత్రం మొక్కకు నీళ్ళు పోయండి. మర్నాడు మబ్బుగా ఉన్నప్పుడో, పొద్దు వాలాకో పని పెట్టుకోండి. కాండాన్ని వేళ్ళ నడుమ పెట్టి, అరచెయ్యి మట్టి మీద ఆనించి కుండీని బోర్లా తిప్పండి. అంచును గడప మీద మెల్లగా రెండు సార్లు కొడితే ముద్ద మొత్తం చేతిలోకి వస్తుంది. కాండం పట్టి లాగొద్దు. ఇప్పుడు వేర్లను చూడండి. తెల్లగానో లేత గోధుమ రంగులోనో గట్టిగా ఉంటే మంచివి. నల్లబడి, వేలితో నొక్కితే పొర ఊడి, మురుగు వాసన వస్తే కుళ్ళినవి. వాటిని శుభ్రమైన కత్తెరతో తీసేయండి. ముద్ద చుట్టూ వేర్లు చాపలా అల్లుకుపోయి ఉంటే వేళ్ళతో విప్పండి. విడవకపోతే చాకుతో ముద్ద పక్కల మూడు నాలుగు చోట్ల పైనుంచి కిందికి గాటు పెట్టండి, అడుగున చుట్టుకున్న గుండ్రటి చాపను కోసేయండి. అట్లాగే వదిలేస్తే కొత్త కుండీలో కూడా అవి గుండ్రంగానే తిరుగుతాయి.

వేరు కోయమనగానే మన అమ్మలకు, అక్కలకు ప్రాణం ఉసూరుమంటుంది, వాళ్ళకు ఒక చెట్టు సంగతి చెప్తాను. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షశాలలో ఒక జపాన్ వైట్ పైన్ చెట్టు ఉంది. దాన్ని బోన్సాయ్‌గా పెంచడం 1625లో మొదలైంది. హిరోషిమాలో యమాకి అనే కుటుంబం తరతరాలుగా సాకింది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు అది అక్కడికి రెండు మైళ్ళ లోపే, ఇంటి ప్రహరీ చాటున ఉండి బతికింది. మసారు యమాకి దాన్ని 1976లో అమెరికాకు కానుకగా ఇచ్చారు. ఆ చెట్టు నాలుగు వందల ఏళ్ళు పళ్ళెం లాంటి తొట్టిలో బతకడానికి కారణం, కొన్నేళ్ళకోసారి బయటికి తీసి, వేర్లు కత్తిరించి, కొత్త మట్టిలో పెడుతూ రావడమే. వాకిట్లో మందారకు మూడో వంతు వేరు పోతే ఏమీ కాదు. కోసినంత మేర పైన కొమ్మలు కూడా కత్తిరిస్తే సరిపోతుంది.

కొత్త కుండీలో మొక్క పాత లోతులోనే కూర్చోవాలి. కాండం మట్టిలోకి దిగితే మొదలు కుళ్ళుతుంది. పైన అంగుళం ఖాళీ వదలండి, నీళ్ళు నిలవడానికి. మట్టిని గుద్ది గుద్ది దట్టించవద్దు. కుండీని నేల మీద రెండు సార్లు తట్టి, అడుగునుంచి కారే దాకా నీళ్ళు పోస్తే మట్టి తనంతట తాను సర్దుకుంటుంది. వారం పది రోజులు నీడలో ఉంచి, తరువాత పాత చోటుకు మార్చండి.

ప్రభుత్వ మొక్కల పథకం హరితహారం 2015లో మొదలైనప్పటి నుంచి ఊరూరా నర్సరీలు వచ్చాయి, ఇంటింటికీ కవర్ల మొక్కలు అందాయి. జామ, ఉసిరి, కరివేపాకు కవర్లలోనే ఏడాది దాటి ఉండిపోయిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ కవరును బ్లేడుతో నిలువునా కోసి పడేయండి. కవరుతో సహా పాతితే వేరు ఆ సంచిలోనే ఉరి పోసుకుంటుంది. కడియం నర్సరీల వైపు నుంచి బండ్ల మీద వచ్చే మొక్కల్లో కొన్నింటికి వేర్ల చుట్టూ జిగురుమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అట్లాగే వదులు మట్టిలో పెడితే నీరు ముద్దలోకి పోకుండా పక్కనుంచి జారిపోతుంది. బకెట్ నీళ్ళలో అరగంట నానబెట్టి ఆ మన్ను సగమైనా విడదీశాకే పెట్టండి.

తులసి గురించి చెప్పకపోతే నన్ను ఇంటికి పోనివ్వరు. తులసి ఎండితే ఇంటికి ఏదో కీడు అని బెంగపడతారు. తులసి కొన్నేళ్ళు మాత్రమే బతికే మొక్క. వెన్నులు వేసి గింజ కట్టిందంటే తన పని అయిందనుకుంటుంది. కాండం కట్టెలా మారి, కింద ఆకులు రాలుతాయి. వెన్నులు లేతగా ఉన్నప్పుడే గిల్లుతూ ఉంటే ఆయుష్షు పెరుగుతుంది. రెండో సంగతి గద్దె. సిమెంటుతో కట్టించిన గద్దెల్లో చాలావాటికి అడుగున నీళ్ళు పోయే దారి ఉండదు. లోపల నింపేది చేను నుంచి తెచ్చిన రేగడి. ముసురు పట్టిన రోజుల్లో కూడా స్నానం చేసి వచ్చి ప్రతి ఒక్కరూ ఒక చెంబు పోస్తారు. ఇంట్లో నలుగురుంటే నాలుగు చెంబులు. భక్తికి ఉద్ధరిణెడు నీళ్ళు చాలు కదా. మేస్త్రీని పిలిచి గద్దె అడుగున పక్కకు ఒక రంధ్రం పెట్టించండి, మట్టి మార్చండి. ఎండిన వెన్నుల గింజలు ఈ వారమే చల్లుకుంటే కార్తీకంలో తులసి పెళ్ళి నాటికి కొత్త మొక్క నిండుగా ఉంటుంది.

కలబంద, సర్పమొక్కల పని తేలిక. కుండీ నుంచి తీశాక పిలకలను వేరుతో సహా విడదీసి, కోత ఆరేలా ఒకటి రెండు రోజులు నీడలో పెట్టి నాటండి. వీటికి ఇసుక రెట్టింపు వేయాలి. సర్పమొక్క గాలిని శుభ్రం చేస్తుందని అమ్మేవాళ్ళు చెప్తారు. ఆ మాటకు మూలం 1989లో నాసా చేసిన ప్రయోగం. అది గాలి చొరబడని పెట్టెల్లో జరిగింది. 2019లో అలాంటి పాత ప్రయోగాల లెక్కలన్నీ మళ్ళీ చూసినవాళ్ళు, మామూలు ఇంట్లో గాలి మార్పిడి చేసేంత పని కావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు పెట్టాలన్నారు. కిటికీ తెరిస్తే అయిపోయే పని. మొక్క అందంగా ఉంది కాబట్టి పెంచుకోండి, చాలు. మనీప్లాంటు ఆకు నమిలితే నోరు మండుతుంది, అందుకే పసిపిల్లలకు, మేకపిల్లలకు అందకుండా పైన వేలాడదీయండి.

పత్తి రైతుల ఇళ్ళకు ప్రత్యేకంగా రెండు మాటలు. ఇంట్లో డీఏపీ, యూరియా బస్తాలు ఉంటాయి కదా అని కుండీలో గుప్పెడు వేయకండి. చేనులో విస్తారమైన మట్టికి పంచాల్సింది ఆరు అంగుళాల్లో పోస్తే, ఆ ఉప్పు వేరులోని నీటిని బయటికి లాగుతుంది. రెండు మూడు రోజుల్లో ఆకు అంచులు నిప్పు సోకినట్టు మాడతాయి. కొత్త మట్టిలో వేసిన పశువుల ఎరువే రెండు నెలలకు సరిపోతుంది.

రెండో మాట ఇంకా ముఖ్యం. కలుపు మందు, పురుగు మందు డబ్బాలను కోసి కుండీలు చేయొద్దు, వాటితో మొక్కలకు నీళ్ళు పోయొద్దు. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ పట్టుకున్న మందు పూర్తిగా పోదు. కలుపు మందు కాస్త సోకినా పత్తి ఆకు సన్నబడి మెలి తిరగడం మీరు చేనులో చూసే ఉంటారు. ఇంటి మొక్కకూ అదే గతి. అంతకన్నా, ఆ కుండీలోని కరివేపాకు తెంపి చారులో వేసేది మనమే. ఖాళీ డబ్బాలకు అడుగున రంధ్రం పొడిచి, మళ్ళీ ఎవరూ వాడకుండా చేయండి.

మట్టి కలిపినాక, మొక్క పెట్టినాక చేతులు సబ్బుతో కడుక్కోండి. దసరా దాటి చలి గాలి మొదలయ్యాక ఏ కుండీనీ కదపకండి. ఈ వారంలో ఇంట్లో ఉన్న కుండీలన్నీ ఒకసారి ఎత్తి అడుగు చూడండి, వేరు బయటపడ్డ దానితో పని మొదలుపెట్టండి. కలబంద, సర్పమొక్క పిలకలు మిగిలితే పారేయకుండా పక్కింటి వాళ్ళకు ఇవ్వండి.